గురువారం గురువారం పిలిచే మామ

ఎల్‌బీ నగర్ మెట్రో దిగి, మెయిన్ రోడ్డు ఇడ్సిపెట్టి, టైర్ల దుకాణం పక్కపొంటి లోపటికి పోతే ఒక గల్లీ ఒస్తది. ఆ గల్లీల ఆఖరి ఇల్లు. పోయినేడు ఆ ఇంటి దిక్కు మొకం పెట్టి నడిచినోడు లేడు.

చూసెతందుకు ఏమున్నది గనక... గేటుకు తాళం. తలుపుకు తాళం. తలుపు ముంగట అడ్డంగ తుమ్మకంప. లోపట మనిషి లేడు, దీపం లేదు, పిల్లి సుత లేదు.

కానీ గల్లీల టీవీలు బంద్ అయినంక చెవి పెట్టి ఇంటే — లోపటికెళ్లి గురక.

ఘర్ర్... ఘర్ర్... ఘర్ర్...

ముసలాయన నోరు తెరిచి పండుకున్నట్టు. రోజూ ఇదే.

గురువారం మాత్రం ఇంకో కథ. గురువారం పొద్దుగూకినంక జరసేపటికి మోటర్ దానంతటదే లేసేది. గూం... అని కొట్టి కొట్టి ఆగేది. ఆగంగనే, తాళమేసిన ఇంట్లకెళ్లి గొంతు —

"ఓ అల్లుడా! యాడున్నవ్? జల్ది రా!"

అంతే. ఒక్కపారి. మళ్ల గురక.

నవ్వకుర్రి. ఆ గొంతు ఇన్న గల్లీ కుక్క, మున్సిపాలిటోళ్ల వలకే దొరకని కుక్క, ఎనక్కి చూడకుండ పెద్ద అంబర్‌పేట్ దాంక ఉరికిందట. ఆడ రింగ్ రోడ్డు అడ్డమొచ్చింది గనక ఆగింది, లేకుంటే ఇజయవాడలనే ఆగేది. బిర్యానీ తెచ్చే డెలివరీ పోరగాళ్లు మూల మీదనే నిలబడి, "సార్, మీరే ఒచ్చి తీస్కపోర్రి" అని ఫోన్ కొట్టేటోళ్లు.

ఎదురింటి కొండల్ ఉన్నడు చూడు, ముప్పై ఏండ్లు లారీ తోలినోడు. ఘాట్ రోడ్ల మీద ఎన్ని దయ్యాలకు లిఫ్టు ఇచ్చిండో చెప్తే రాత్రి సరిపోదు. ఆ కొండలే గురువారం సాయంత్రం అరుగు మీద చెప్పు చేతుల పట్టుకోని కూసునేటోడు. దయ్యం ఒస్తే కొట్టనీకా, ఉరకనీకా అంటే... ఇప్పటిదాంక చెప్పలే.

ఇగ ఆ గొంతు ఎవలదంటే — బాలనర్సయ్యది. ఆ ఇంటి పెద్దమనిషిది. పోచంపల్లి నుంచి ఒచ్చి, చీరెల యాపారం చేసి, ఆ ఇల్లు కట్టుకున్నడు. ఆయన నిద్రలనే పోయిండు. మంచి సావే. కానీ నచ్చత్రం మంచిది కాకపాయె. ధనిష్ట పంచకం. గట్ల పోతే ఇల్లు ఆర్నెల్లు పాడుపెట్టాలె గదా. అయ్యగారు ఒచ్చి పంచాంగం జూసి, తేల్చి చెప్పిండు.

"దీపం ఉండొద్దు. పొయ్యి ఉండొద్దు. కరెంటు తోని నడిచేది ఏదీ ఉండొద్దు. ఒక్కటి నడిచినా సరే... ఇంట్ల ఇంకా మనుషులున్నరనుకోని ఆయన ఆన్నే తిరుగుతడు."

బాలనర్సయ్య భార్య భాగ్యమ్మ ఏడ్సుకుంట తాళంచెవి కొంగుకు ముడేసుకున్నది. బిడ్డ స్వరూపరాణి కడుపుతోని ఉన్నది. పెద్దమనుషులంత అల్లుడు యోగేందర్ దిక్కు చూసిన్రు.

"అన్నీ బంద్ చేసినవా, అల్లుడా?"

"చేసిన."

"మంచిగ చూసినవా?"

యోగేందర్‌కు రోషమొచ్చింది. "స్వరూప కడుపుల బిడ్డ మీద ఒట్టు! ఫ్రిజ్జు బంద్. టీవీ బంద్. దేవుని కాడ జీరో బల్బు సుత బంద్. ఇంగ ఈ ఇంట్ల నడిచేది ఏదీ లేదు."

అందరు నిమ్మళంగ గేటుకు తాళమేసి, దిల్‌సుఖ్‌నగర్ల రెండర్రల పోర్షన్ కిరాయికి తీస్కోని పోయిన్రు.

మూడో రాత్రి యోగేందర్ నిద్రలకెళ్లి దిగ్గున లేసి కూసున్నడు.

సజ్జ!

వంటింటి సజ్జ మీద... పెండ్లిళ్లకు వండే పెద్ద పెద్ద ఇత్తడి గుండీల ఎనుక... తన సర్వర్!

యోగేందర్ సంగతి జర చెప్పాలె. పొద్దంత దిల్‌సుఖ్‌నగర్ల చీరెల షాపుల చీరెలు ఇప్పి చూపెట్టుడు, రాత్రి ఇంటికొచ్చి డబ్బాలు ఇప్పి చూసుడు. ఒకప్పుడు కంప్యూటర్ రిపేర్ కోర్సు సగం చేసిండు. సగానికే గింత జేసిండు, మిగిలిన సగం సుత చేసుంటే ఇంటి మీద ట్యాంకు కాదు, రాకెట్ నిలబెట్టేటోడు.

అత్తగారింట్ల అరచేయంత కంప్యూటర్ బోర్డు ఒకటి పెట్టిండు. పెండ్లి ఫొటోలు, వీడియోలు, అత్తమ్మ ఇనే భజనలు అన్నీ దాంట్లనే. ఇంటి మోటర్ సుత దాని చేతులనే. మీద ట్యాంకుల నీళ్లు తగ్గితే మోటర్ ఏస్తది, నిండితే బంద్ చేస్తది. మొదట ఫోన్ చార్జర్ పెట్టి నడిపిస్తే బోర్డు మాటిమాటికి సోలిపోయేది. అప్పుడు, మూతపడ్డ ఇంటర్నెట్ సెంటరోడు పారేసిన పాత కంప్యూటర్ల నుంచి ఎస్‌ఎంపీఎస్ డబ్బా పీక్కొచ్చిండు. అదే, కంప్యూటర్‌కు కరెంటిచ్చే ఇనుప డబ్బా. ఎర్ర వైరు బోర్డుకు, పసుపు వైరు స్పీకర్‌కు. ఒకటే డబ్బా, రెండు పనులు. డబ్బా లేవాలంటే ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలపాలె. దానికి స్విచ్చేం పెట్టలే — తలపిన్ను ఒకటి ఒంచి రెండిట్ల గుచ్చిండు. కరెంటు పోయినా, మళ్ల రాంగనే ఎవ్వలూ ముట్టకుండ అదే లేస్తది.

డబ్బాల ఫ్యాను మాత్రం ముసలిది. ఘర్ర్... ఘర్ర్...

అర్థమైంది గదా గురక.

ఇగ గొంతు. ట్యాంకు నిండితే మొత్తుకునే అలారం బజార్ల దొరుకుతది, ఆడామె గొంతు. బాలనర్సయ్య దాన్ని ఒక్కరోజు ఇన్నడు. "ఎవతో ఒచ్చి మన నెత్తి మీద ఇంగ్లీషుల ఒర్రుడేంది? నా ఇల్లు, నా నీళ్లు, నేనే ఒర్రుతా," అన్నడు. యోగేందర్ ఫోన్ పట్టిండు, మామ ఒర్రిండు — ఓ అల్లుడా, యాడున్నవ్, జల్ది రా. మోటర్ బంద్ చెయ్యనీకి రోజు పిలిచే పిలుపే. నిజానికి మోటర్‌ను బోర్డే బంద్ చేస్తది. అయినా ముసలాయనకు నమ్మకం లేదు, ఒక మనిషిని పిలవాల్సిందే. బతికున్నప్పుడు నోటితోని పిలిచిండో డబ్బాతోని పిలిచిండో గల్లీల ఎవలికెరుక?

అంటే ఇల్లంత పాడుపెట్టిన్రు గని మామను బంద్ చెయ్యలే.

యోగేందర్ చెమటలు తుడుసుకోని, పండుకున్న స్వరూప కడుపు దిక్కు చూసిండు. ఒట్టు... ఎవలి మీద ఏసిన?

చెప్పేద్దామనుకున్నడు. పొద్దుగాల షురూ చేసిండు సుత. "స్వరూపా, ఆ ఇంట్ల..."

"ఏంది?"

"ఏం లేదు. చాయ్‌ల చక్కెర తక్కువైంది."

తలుపు తియ్యొద్దు, తాళంచెవి అత్తమ్మ కొంగుల. ఆర్నెల్లు అయినంక సప్పుడు చెయ్యకుండ తీసేద్దాం తీ అనుకున్నడు. అంతల కొండల్ ఫోన్.

"తమ్మీ... ఎట్ల చెప్పాలె... మీ మామ నిన్ను పిలుస్తుండు."

దిల్‌సుఖ్‌నగర్ పోర్షన్ల ఏడుపులు షురూ. స్వరూప మొగని రెండు చేతులకు తాయెత్తులు కట్టింది, మెడల ఒకటి, మొలల ఒకటి. బండి ముట్టనియ్యదు. లిఫ్టు ఎక్కనియ్యదు. షాపుల మేనేజర్‌కు ఫోన్ జేసి, "జర ఫ్యాన్ కింద కూసోబెట్టకుర్రి సార్," అని చెప్పింది. చుట్టాలు ఒచ్చి యోగేందర్‌ను ఆఖరుపారి చూసినట్టు చూసి, పండ్లిచ్చి పోయేటోళ్లు.

ఇట్ల నెలలు గడిచినయ్. స్వరూపకు నిద్ర లేదు. డాక్టరమ్మ కోపం చేసింది, గిట్లయితే లోపటి బిడ్డకు మంచిది కాదని.

"నాయిన నిన్నే ఎందుకు పిలుస్తుండు?" అని రాత్రిపూట చెవుల అడిగేది. "నువ్వు పోతే నేనేం గావాలె?"

ఏం చెప్తడు? అది దయ్యం కాదంటే, మరి ఏందంటది. డబ్బా అంటే, బిడ్డ మీద ఒట్టేసినవు గదా అంటది. కడుపుతోని ఉన్న మనిషికి దయ్యం ఎక్కువనా, దొంగ ఒట్టు ఎక్కువనా?

కానీ అసలు భయం అది కాదు. యోగేందర్ ఎవ్వలికీ చెప్పని భయం ఇంకోటున్నది.

ట్యాంకు ఉత్తగ నిండదు. ఖాళీ అయితెనే నిండుతది. ట్యాంకు తగ్గితెనే మోటర్ లేస్తది, మోటర్ లేసి ట్యాంకు నిండితెనే మామ పిలుస్తడు. తాళమేసిన ఇల్లు. నల్ల ఇప్పేటోడు లేడు, తానం చేసేటోడు లేడు...

మరి గురువారం గురువారం నీళ్లు ఎవలు వాడుతున్నరు?

దయ్యమనుకునేటోళ్లకు ఒక్కటే భయం. డబ్బాను చేసినోనికి రెండు.

గట్లుండంగ కొండల్ మళ్ల ఫోన్ చేసిండు. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి భిక్షపతి అని ఒక భూతాలాయన ఒస్తుండు, ఆదివారం తాళం పలగ్గొట్టి ఇల్లంత వెతికి దయ్యాన్ని సీసల బిగిస్తడు అని.

ఇల్లంత వెతుకుతడు! సజ్జ సుత!

ఆదివారంలోపు డబ్బా తియ్యాలె. లేకుంటే గల్లీ ముంగట, చుట్టాల ముంగట, స్వరూప ముంగట... బుధవారం పోదామంటే షాపుల స్టాకు లెక్క. మిగిలింది గురువారమే.

గురువారం భాగ్యమ్మ ఎప్పటిలెక్కనే సంచి పట్టుకోని బాబా గుడికి భజనకు పోయింది. యోగేందర్ షాపుల కడుపునొప్పి అని చెప్పి మెట్రో ఎక్కిండు.

ఎల్‌బీ నగర్ల దిగేసరికి మబ్బు చీకటి పడ్డది. ముంగటికెళ్లి పోతే కొండల్ చెప్పు పట్టుకోని కూసున్నడు. ఎనుక ఖాళీ ప్లాటులకెళ్లి పోయి గోడ ఎక్కిండు. గోడ మీది గాజుపెంకు తగిలి ప్యాంటు చిరిగింది. దునికిండు.

ఎనుక తలుపుకు లోపట గొళ్లెం ఉంటది. బ్లేడు పెట్టి లేపుదామని తెచ్చుకున్నడు. చెయ్యి పెట్టిండు...

తలుపు తెరుచుకున్నది.

యోగేందర్ ఆన్నే నిలబడ్డడు. లైటు ఏస్తే కొండల్‌కు కనవడ్తది. చీకట్లనే అడుగుల అడుగు ఏసుకుంట లోపటికి పోయిండు.

ఘర్ర్... ఘర్ర్...

సజ్జ మీద బోర్డు లైటు. పచ్చగ... ఆరుడు... పచ్చగ... ఆరుడు. గుండీల సందులకెళ్లి ఎవలో కన్నుగొట్టినట్టు. తాను పెట్టిన లైటే. తాను గుచ్చిన పిన్నే.

అప్పుడు ఇన్నడు.

బాత్రూంల నల్ల పారుతుంది. బకిట నిండి, మోరీలకు జాలువారుతుంది. ధార... ధార...

కిర్... కిర్... నల్ల బంద్ అయ్యింది. ఎవలో తిప్పి బంద్ చేసిన్రు.

పాదాల సప్పుడు. తడి పాదాలు. ఒకటి... ఒకటి... హాల్ల దిక్కు పోయినయ్. మామ కూసునే ప్లాస్టిక్ వైర్ల కుర్చీ — కీచుమన్నది. బరువు పడ్డట్టు.

టక్! సజ్జ మీద బోర్డు మోటర్‌ను లేపింది. గూం...

యోగేందర్ వంటింటి గడపల గోడకు అతుక్కుపోయిండు. ముంగటికి పోతే కుర్చీ, ఎనక్కి తిరిగితే వీపు దానికిచ్చినట్టైతది. నాలుగు తాయెత్తులనూ ఒక్క చేత్తోనే పట్టుకోనీకి చూసిండు, మొలలది అందలే. పచ్చలైటు ఎలిగినప్పుడల్లా హాల్ల కుర్చీ కనవడ్తుంది. కుర్చీల... తెల్లగ... తల వంచుకోని...

మోటర్ ఆగింది.

గల్లీ అంత సప్పుడు బంద్. ఎదురుంగ కొండల్ దగ్గు సుత బంద్.

"ఓ అల్లుడా! యాడున్నవ్? జల్ది రా!"

ఎన్నేండ్ల అలవాటు అది! యోగేందర్ నోరు యోగేందర్‌ను అడగలే. గల్లీ అదిరేటట్టు —

"ఒచ్చిన మామా! ఈడనే ఉన్న!"

అటు అరుగు మీద కొండల్... ఇన్ని గురువారాల సంది పిలుపే ఇన్నడు, జవాబు ఎన్నడు ఇనలే. పాపం, లారీ తోలినోడు గదా, ఒక్క గేరుల లేసిండు. లుంగీ మొక్కల కుండీకి తట్టుకున్నది. లుంగీ ఆడనే ఉన్నది, కొండల్ ఇంట్ల ఉన్నడు, మూడు గొళ్లేలు పడ్డయ్. గల్లీల కిటికీలన్నీ టపటప మూసుకున్నయ్.

ఇటు లోపట, కుర్చీల తెల్లటిది మెల్లగ తల లేపింది.

"ఒచ్చినవ్ గని... చెప్పులు ఇప్పినవా?"

యోగేందర్ కండ్లు నలుపుకున్నడు.

"...అత్తమ్మా?"

"మరి ఎవలనుకున్నవ్? ఇంటి లోపటికి చెప్పులతోని ఒస్తవా?"

భాగ్యమ్మ! బాబా గుడిల భజన చేస్తుందనుకున్న భాగ్యమ్మ, తడి పాదాలతోని, మామ కుర్చీల!

"మీరు... ఈడ... భజన..."

"ఇదే నా భజన." భాగ్యమ్మ తెల్ల చీరె కొంగు సదురుకున్నది. "మొదటి గురువారం గుడికే పోయిన. దండం పెట్టుకోని ఒస్తుంటే మనసు ఇటు గుంజింది. ఎనుక సందు తలుపు తాళం తీసి లోపటికొచ్చి, పెరటి తలుపు గొళ్లెం ఇప్పి, తులసి చెట్టుకు నీళ్లు పోద్దామని నల్ల ఇప్పిన. జరసేపటికి ఈయన ఒర్రిండు."

"భయం కాలేదా?"

"నలభై ఏండ్లు కాపురం చేసిన, ఈయనకు భయపడితే ఎట్ల?" భాగ్యమ్మ నవ్వింది. "సజ్జ దిక్కు చూసిన. పచ్చగ మెరుస్తుండె. ఇది మన అల్లుని పనే అని ఆనాడే సమజైంది. అప్పటిసంది గురువారం గురువారం బకిటలకు బకిటలు పారబోస్తున్న. ట్యాంకు తగ్గాలె గదా."

యోగేందర్ నేల మీద కూలబడ్డడు. నెలల బరువంత ఒక్కపారే బయటికొచ్చింది. "అత్తమ్మా, నేను బిడ్డ మీద ఒట్టేసిన... మర్సిపోయిన అత్తమ్మా, కావాలని కాదు... ఆదివారం ఆ భూతాలాయన ఒచ్చి సజ్జ ఎక్కితే... స్వరూపకు ఏమన్న అయితే..."

"ఆపు. నువ్వు ఒట్టు తప్పినవ్, నేను పాడుపెట్టిన ఇంటి తలుపు తీసిన. నీది నా కడుపుల, నాది నీ కడుపుల. ఇద్దరం ఒకటే బండ్ల ఎక్కినం."

ఇద్దరు సజ్జ దిక్కు చూసిన్రు. ఘర్ర్... ఘర్ర్...

"తియ్యాలె, అత్తమ్మా. ఇప్పుడే."

"తియ్యి," అన్నది భాగ్యమ్మ. అన్నది గని లెవ్వలే. "ఒక్క పిలుపు నాది కాదు చూడు. ఇన్నేండ్లల నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలే. ఎప్పుడు చూసినా అల్లుడా, అల్లుడా. అయినా... గొంతు గొంతే గదా."

"గొంతు యాడికి పోదు. మీ ఫోన్ల ఏస్త. ఒత్తితే చాలు, మాట్లాడతడు."

భాగ్యమ్మ కస్సుమన్నది. "ఒత్తితే మాట్లాడే మనిషా ఆయన? నేను చెప్తే ఏనాడన్న నోరు ఇప్పిండా? ట్యాంకు నిండితెనే మాట్లాడాలె. అప్పుడే ఆయన."

యోగేందర్ లేసిండు. స్టూలు ఏసుకోని సజ్జ ఎక్కి, బోర్డును పద్ధతిగ పండబెట్టిండు. పచ్చలైటు ఆరింది. డబ్బాను అట్లనే వైరుతోని కిందికి దించి అత్తమ్మ ముంగట పెట్టిండు. ఫ్యాను ఇంకా తిరుగుతనే ఉన్నది.

పిన్ను పీకబోతుంటే భాగ్యమ్మ చెయ్యి పట్టుకున్నది.

"ఇది నా తలపిన్ను గదా? నాలుగు పండుగలకు దేవులాడిన దీనికోసం."

"...అవును."

"అయితే నేనే పీకుత."

ఒక అరచెయ్యి ఫ్యానుకు అడ్డం పెట్టింది. గాలి చేతికి తగులుతుంది. ఇంకో చేత్తోని పిన్ను గుంజింది.

ఘర్ర్... ఘర్... ఘర్...

ఘ...

గాలి ఆగేదాంక చెయ్యి తియ్యలే. ఆగినంక సుత జరసేపు తియ్యలే.

"ఆనాడు ఈ సప్పుడు ఆగినప్పుడు నేను పక్కనే ఉన్న," అన్నది మెల్లగ. "నిద్రవోయిన. నాకు మెలకువ రాలే." కండ్లొత్తుకోని, గొంతు మార్చింది. "ఇగో, ఇప్పుడు అన్నీ బంద్ అయినయ్ గదా? నువ్వు చెప్పింది అబద్ధం కాదు. జర ఆలస్యంగ నిజమైంది, అంతే. పో, సంచి తే."

ఆదివారం ముచ్చట ఈడనే చెప్పేస్త, మళ్ల మర్సిపోత. భిక్షపతి ఒచ్చిండు, నిమ్మకాయలు కోసిండు, సప్పుడు లేని ఇంట్ల మస్తు సప్పుడు చేసిండు. ఉత్త సీసకు బిరడా బిగించి, "ఇగ గురక ఇనబడితే నా పేరు మార్చుకుంట," అన్నడు. ఆయన పేరు ఇప్పటికీ భిక్షపతే. కొండల్ ఆ సీసను ఎత్తి పట్టుకోని గల్లీ అంత తిరిగిండు, లుంగీ మీద లుంగీ కట్టుకోని. ఆనాటి సంది స్వరూప కడుపుల చల్ల కదలకుండ నిద్రపోయింది. తాయెత్తులు మాత్రం ఇప్పలే, మొగనికి అందంగున్నయట.

సరే, ఆ రాత్రికి వద్దాం.

ఇద్దరు ఎనుక తలుపు మూసి, ఇంటి చుట్టు తిరిగి ముంగటికొచ్చి, గేటు తాళం తీసి, మళ్ల ఏసి, దర్జాగ గల్లీల నడిచి పోయిన్రు. చూసెతందుకు కిటికీ ఒక్కటి తెరిచి లేదు. డబ్బా, బోర్డు, స్పీకర్ పెట్టిన సంచిని భాగ్యమ్మ తానే పట్టుకున్నది, ఎంత అడిగినా ఇయ్యలే.

"అల్లుడా, దిల్‌సుఖ్‌నగర్ల మన కిరాయి ఇంటికి ట్యాంకు ఎంతది?"

"పెద్దదే అత్తమ్మా. ఎందుకు?"

"ఊకెనే అడిగిన. పురుడైనంక స్వరూపకు నేనే చెప్తలే."

మెట్రో స్టేషన్ల సంచి మిషిన్లకు పోయింది. సెక్యూరిటీ పిల్లగాడు తెర మీద చూసి ఉలిక్కిపడ్డడు. ఇనుప డబ్బా, దాన్నుంచి ఎర్రయి, పసుపుయి, నల్లయి, పేగులోలె వైర్లు. యోగేందర్ మొకం పాలిపోయింది.

"అమ్మా... ఏందిది సంచిల?"

భాగ్యమ్మ సంచి తీసి సంకల పెట్టుకున్నది.

"మా ఇంటాయన, బిడ్డా. ఇల్లు మారుతుండు."